పొగకూ తూకం ఉంది

హైదరాబాదు వైపు నుంచి రాయచూరు వెళ్లే రైలు కృష్ణ స్టేషన్ దాటాక అదే పేరున్న నది మీది వంతెన ఎక్కుతుంది. ఈ గట్టు తెలంగాణ, ఆ గట్టు కర్ణాటక. ఆ గట్టునే దేవసూగూరు. భక్తులకు అది సూగూరేశ్వరుడి ఊరు. ఊరికి కొత్తవాళ్ల కంట ముందు పడేది మాత్రం శక్తినగర్ థర్మల్ విద్యుత్ కేంద్రం చిమ్నీలే. కర్ణాటకలో బొగ్గుతో నడిచే మొట్టమొదటి పెద్ద కరెంటు కేంద్రం ఇది. 1985లో తొలి యూనిట్ మొదలైంది. ఇప్పుడు 210 మెగావాట్ల యూనిట్లు ఏడు, 250 మెగావాట్లది ఒకటి, వెరసి 1720 మెగావాట్లు.

బొగ్గు గూడ్సు బండ్లలో వస్తుంది. అందులో మన సింగరేణి బొగ్గూ ఉంటుంది. కాలాక వచ్చే బూడిదలో ఇటుకలకూ సిమెంటుకూ పోగా మిగిలినది బూడిద చెరువుకు చేరుతుంది. వెయ్యి కిలోల బొగ్గు పొయ్యిలోకి వెళితే బయటికొచ్చే బూడిద మూడు నాలుగు వందల కిలోలకు అటూ ఇటూ. మిగతాది ఏమైందని అడిగితే ఎవరైనా చెప్పే జవాబు ఒకటే: కాలిపోయింది.

ఈ 'పోయింది' తోనే చిక్కు. నీళ్లు ఆవిరైపోయాయి, ఉప్పు కరిగిపోయింది, ఇనుము తుప్పు పట్టిపోయింది, కట్టె కాలిపోయింది. మన క్రియాపదాలకు తగులుకున్న ఈ 'పోవడం' పదార్థం లేకుండా పోయిందనే భ్రమ పుట్టిస్తుంది. పోయింది సరే, ఎక్కడికి పోయింది? రసాయన సమీకరణాన్ని తుల్యం చేయడమంటే ఈ ప్రశ్నకు అణువుల లెక్కలో జవాబు రాయడమే. పదో తరగతిలో మనమంతా దాన్ని అంకెల ఆటగా ఆడి మార్కులు తెచ్చుకున్నాం. ఆ ఆట వెనక ఉన్న లెక్క ఎలా పుట్టింది, ఎంతవరకు నమ్మదగింది, ఎక్కడ మోసం చేస్తుంది అన్నది ఒకసారి మొదటినుంచీ చూడాలి.

మూత తీసిన తప్పు

ఆ లెక్కకు పునాది ద్రవ్య నిత్యత్వ నియమం, అంటే చర్యలో ద్రవ్యం పుట్టదూ పోదూ అన్నది. అది ఒక్క రోజులో తట్టిన ఆలోచన కాదు. రాబర్ట్ బాయిల్ 1673లో మూసిన గాజు పాత్రలో లోహాన్ని వేడిచేసిన ప్రయోగాలు ప్రకటించాడు. వేడి చేశాక మూత తీసి తూచాడు. బరువు పెరిగింది. నిప్పులోని సూక్ష్మకణాలు గాజులోంచి దూరి లోహంలో చేరాయని అనుకున్నాడు. మూత తీసినప్పుడు లోపలికి వచ్చిన గాలి ఆయన లెక్కలోకి రాలేదు. 1756లో రష్యాలో లొమొనొసోవ్ ఇదే ప్రయోగం మూత తీయకుండా చేశాడు. బరువు మారలేదు.

ఆ రోజుల్లో పండితుల నోట నలిగిన మాట 'ఫ్లాజిస్టాన్'. మండే ప్రతి వస్తువులోనూ అది ఉంటుందనీ, మండినప్పుడు బయటికి పోతుందనీ జర్మన్ వైద్యుడు స్టాల్ ప్రచారం చేశాడు. మన 'కాలిపోయింది'కి అది సిద్ధాంత రూపమే. కట్టె విషయంలో సరిపోయినట్టే కనిపించింది. తగరం, సీసం దగ్గర బెడిసింది. అవి కాలితే బరువు పెరుగుతాయి. ఏదో బయటికి పోతే బరువు పెరగడమేమిటి? ఫ్లాజిస్టాన్‌కు బరువు సున్నా కంటే తక్కువని వాదించినవాళ్లూ లేకపోలేదు. సిద్ధాంతాన్ని కాపాడుకోవడానికి మనుషులు ఎంత దూరం వెళతారో చెప్పడానికి ఇది చాలు.

ఆ ముడి విప్పిన లవోయిజర్ రసాయనవేత్త మాత్రమే కాదు, ఫ్రెంచి రాజు తరఫున పన్నులు వసూలు చేసే గుత్తదారుల సంస్థలో భాగస్వామి కూడా. జమకూ ఖర్చుకూ తేడా వస్తే ఎక్కడో ఒక పద్దు రాయలేదని ఆయనకు వృత్తిరీత్యా తెలుసు. 1774లో మూసిన పాత్రలో తగరాన్ని వేడిచేశాడు. పాత్ర మొత్తం బరువు మారలేదు. మూత తీయగానే గాలి లోపలికి పోయింది, అప్పుడు పెరిగింది. పెరిగిన బరువు, లోహం తీసుకున్న గాలి బరువు ఒకటే అయ్యాయి. 1789లో అచ్చయిన ఆయన రసాయనశాస్త్ర గ్రంథంలో ఈ నియమం ఎక్కడుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ద్రాక్షరసం పులిసే ప్రక్రియ చెప్పేచోట ఉంది. చర్యకు ముందు ఉన్న ద్రవ్యం తర్వాత కూడా అంతే ఉంటుందని చెప్పి, ద్రాక్షరసం ఒకవైపు, సారాయి, వాయువు మరోవైపు పెట్టి సమీకరణంలా చూపించాడు.

ఆ లెక్క మనకు కొత్తది కాదు. ఈత చెట్టుకు కట్టిన కుండలో పొద్దెక్కేకొద్దీ పొంగే నురగే అది. 180 గ్రాముల గ్లూకోజు పూర్తిగా పులిస్తే 92 గ్రాముల సారాయి, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. అంటే చక్కెరలో దాదాపు సగం బరువు నురగలో బుడగలై గాలిలో కలుస్తుంది. కుండలో మిగిలినదాన్ని మాత్రమే తూచేవాడికి సగం చక్కెర మాయమైనట్టే ఉంటుంది.

పన్నుల గుత్త ఆయన ప్రాణం మీదికి తెచ్చింది. 1794 మే 8న లవోయిజర్‌ను గిలటిన్‌కు పంపారు. నియమం మిగిలింది. అంతకుముందే, 1792లో, రిక్టర్ మూలకాల తూకాల లెక్కకు 'స్టాయికియోమెట్రీ' అని పేరుపెట్టాడు. ఒక సమ్మేళనంలో మూలకాల పాళ్లు మారవన్న స్థిరానుపాత నియమం ప్రూస్ట్ చెప్పాడు. 1808లో డాల్టన్ దీనంతటికీ పరమాణువుల వివరణ ఇచ్చాడు. కొద్ది ఏళ్లకే బెర్జీలియస్ మూలకాలకు అక్షరాల గుర్తులు పెట్టాడు. అంతకు రెండు వందల ఏళ్ల ముందు, 1615లో, ఫ్రాన్సుకు చెందిన జాన్ బెగ్వాన్ చర్యను గీతలతో చూపించే పటం వేశాడు. రసాయన సమీకరణానికి అదే తొలి రూపం అంటారు.

ఒక కిలో బొగ్గు జమాఖర్చు

ఇక దేవసూగూరు పొయ్యి దగ్గరికి వద్దాం. బొగ్గు ఒకే పదార్థం కాదు, గనికో తీరు. లెక్క కోసం ఒక కిలో బొగ్గులో ఇవి ఉన్నాయనుకుందాం: కార్బన్ 400 గ్రాములు, బూడిదయ్యే ఖనిజం 385, తేమ 100, ఆక్సిజన్ 70, హైడ్రోజన్ 30, నైట్రోజన్ 10, గంధకం 5. మొత్తం వెయ్యి.

కార్బన్ పరమాణువు బరువు 12, ఆక్సిజన్ అణువు బరువు 32. ఒకటికి ఒకటి కలిస్తే 44 బరువున్న కార్బన్ డయాక్సైడ్. కాబట్టి 400 గ్రాముల కార్బన్‌కు 1067 గ్రాముల ఆక్సిజన్ కావాలి. రెండు హైడ్రోజన్ అణువులకు ఒక ఆక్సిజన్ అణువు చొప్పున 30 గ్రాముల హైడ్రోజన్‌కు 240 గ్రాములు. గంధకానికి దాని బరువంతే, 5 గ్రాములు. వెరసి 1312. ఇందులో 70 బొగ్గులోనే ఉంది. గాలి నుంచి తీసుకోవలసింది 1242 గ్రాములు.

జమ: బొగ్గు 1000, ఆక్సిజన్ 1242. మొత్తం 2242 గ్రాములు.

ఖర్చు: కార్బన్ డయాక్సైడ్ 1467, నీటి ఆవిరి 370, సల్ఫర్ డయాక్సైడ్ 10, నైట్రోజన్ 10, బూడిద 385. మొత్తం 2242 గ్రాములు.

పైసా తేడా లేదు. అయితే గాలిలో బరువు రీత్యా ఆక్సిజన్ నాలుగో వంతు కూడా ఉండదు. 1242 గ్రాముల ఆక్సిజన్ కోసం ఐదు కిలోల పైచిలుకు గాలి లోపలికి పోవాలి. దానిలోని నైట్రోజన్ ఊరికే వేడెక్కి బయటికొస్తుంది. అన్నీ కలిపితే ఒక కిలో బొగ్గుకు చిమ్నీలోంచి పోయేది సుమారు ఆరు కిలోల వాయువు. బొగ్గు పూర్తిగా కాలాలంటే అవసరానికి మించి గాలి పంపాలి కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే. కాలిపోయిందనుకున్న వస్తువు ఆరింతలై ఆకాశంలోకి వెళుతోంది. కంటికి కనబడే పొగ అందులో కొంతే. బరువైనదంతా కనబడని వాయువే.

తుల్యం చేసే దారులు

ఇదే కేంద్రంలో మరో చర్య ఎవరి కంటా పడకుండా జరుగుతూ ఉంటుంది. బాయిలర్ గొట్టాల ఇనుముతో వేడి ఆవిరి కలిసి లోపలి గోడ మీద నల్లటి పలచటి పొర కడుతుంది. ఆ పొర మాగ్నటైట్. దాని అణు సూత్రంలో ఇనుము మూడు, ఆక్సిజన్ నాలుగు. హైడ్రోజన్ విడుదలవుతుంది. ఆ పొర గొట్టానికి రక్ష. ఆవిరిలో హైడ్రోజన్ ఎంత ఉందో కొలిచి గొట్టం లోపల ఎంత అరుగుతోందో అంచనా కడతారు. పదో తరగతి పుస్తకంలో తుల్యం చేయమని ఇచ్చే ఇనుము, ఆవిరి సమీకరణం ఇదే. ఊరి పక్కనే రేయింబవళ్లు నడుస్తున్న చర్య అని పిల్లలకు చెప్పే అవకాశం అలా చేజారుతోంది.

దీన్ని తుల్యం చేయడానికి దారులు నాలుగు. మొదటిది ప్రయత్న పద్ధతి. ఆక్సిజన్ నాలుగు కావాలి కనుక నీళ్లు నాలుగు, నాలుగు నీళ్లలో హైడ్రోజన్ పరమాణువులు ఎనిమిది కనుక హైడ్రోజన్ అణువులు నాలుగు, ఇనుము మూడు. లెక్క తేలింది: మూడు ఇనుము, నాలుగు నీళ్లు కలిస్తే ఒక మాగ్నటైట్, నాలుగు హైడ్రోజన్. చిన్న సమీకరణాలకు ఇంతకు మించి అక్కర్లేదు. పదార్థాలు ఆరేడు అయితే మాత్రం పిల్లవాడు రబ్బరు అరగదీస్తాడు.

రెండోది బీజగణిత పద్ధతి. గుణకాలకు అక్షరాలు పెట్టి, మూలకానికొక సమీకరణం రాసి సాధించడం. ఎంత పెద్దదైనా లొంగుతుంది. కంప్యూటర్లు చేసేదీ ఇదే. దీనిలో రసాయనశాస్త్రం ఉండదు, గణితమే ఉంటుంది. అదే దాని బలం, బలహీనత. మూడోది ఆక్సీకరణ సంఖ్య పద్ధతి, నాలుగోది అర్ధచర్యల పద్ధతి. ఈ రెండింటిలో పరమాణువులతోపాటు ఎలక్ట్రాన్ల జమాఖర్చు కూడా రాస్తాం. మాగ్నటైట్‌లో మూడు ఇనుము పరమాణువులు కలిసి ఎనిమిది ఎలక్ట్రాన్లు ఇచ్చాయి. నాలుగు నీళ్లలోని ఎనిమిది హైడ్రోజన్లు తలా ఒకటి పుచ్చుకున్నాయి. ఎవరిచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు అన్నది ఇక్కడ తెలుస్తుంది.

బడిలో ఏది నేర్పాలన్న వాదన పాతదే. నా మటుకు మొదట ప్రయత్న పద్ధతి, ఆక్సీకరణ చర్యలు వచ్చాక అర్ధచర్యలు చాలు. బీజగణితం సరిచూసుకోవడానికి ఉంచుకోవాలి. దాన్నే ముందు నేర్పితే పిల్లవాడికి లెక్క వస్తుంది, చర్య తెలియదు.

తుల్యమైనా తప్పు కావచ్చు

ఎందుకంటే తుల్యమైన ప్రతి సమీకరణమూ నిజం కాదు. బొగ్గుకు గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్ రెండూ వస్తాయి. మూడు కార్బన్, రెండు ఆక్సిజన్ అణువులు కలిస్తే రెండు మోనాక్సైడ్, ఒక డయాక్సైడ్. ఇది తుల్యం. నాలుగు కార్బన్, మూడు ఆక్సిజన్ కలిస్తే రెండేసి. ఇదీ తుల్యమే. ఇలా ఎన్నైనా రాయవచ్చు. ఏది నిజమో కాగితం చెప్పదు. పొయ్యిలోకి పోయే గాలి చెబుతుంది, చిమ్నీలో పెట్టిన మీటరు చెబుతుంది.

పర్మాంగనేట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ చర్య ఇంకా చిత్రం. ఆమ్లంలో రెండు పర్మాంగనేట్లకు ఐదు పెరాక్సైడ్లు ఖర్చవుతాయి. కానీ రెండుకు ఒకటి చొప్పున పెట్టినా, మిగతా గుణకాలు మార్చి పరమాణువులన్నీ సరిపెట్టవచ్చు. అలా రాసినది కాగితం మీద ఒప్పు, సీసాలో తప్పు. ఎలక్ట్రాన్ల లెక్క చూస్తేనే ఐదు తప్పదని తేలుతుంది.

మూడో ఉదాహరణకు రాయచూరు జిల్లా దాటనక్కర్లేదు. లింగసూగూరు తాలూకాలో హట్టి బంగారు గని ఉంది. నిజాం రాజ్యంలో 1947లో హైదరాబాదు గోల్డ్ మైన్స్ పేరుతో మొదలైన కంపెనీ అది. ముడిరాయి నుంచి బంగారాన్ని సైనైడ్ ద్రావణంతో లాగే పద్ధతికి మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు 1887లో పేటెంటు తీసుకున్నారు. ఆ సమీకరణం రసాయన విద్యార్థులకు కంఠస్థం: నాలుగు బంగారం, ఎనిమిది సోడియం సైనైడ్, ఒక ఆక్సిజన్, రెండు నీళ్లు. 788 గ్రాముల బంగారం కరగడానికి 32 గ్రాముల ఆక్సిజన్ చాలు, కానీ ఆ కాస్తా ఉండి తీరాలి. అందుకే తొట్టిలోకి గాలి కొడతారు. 1896లో బోడ్లెండర్ ఒక మెలిక చూపించాడు. చర్య మధ్యలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. అలా రాసిన సమీకరణమూ తుల్యమే. సమీకరణం మొదటి పుటా చివరి పుటా చూపిస్తుంది, మధ్యలో కథ చెప్పదు.

సూత్రమే తప్పయితే తుల్యం చేసి లాభం లేదు. 1860లో కార్ల్స్‌రూహెలో రసాయనవేత్తలు సమావేశమయ్యేనాటికి నీటిని ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ అని రాసేవాళ్లు ఉన్నారు. ఆ సమీకరణాలూ చక్కగా తుల్యమయ్యేవి. ఇక కొన్ని పదార్థాలకు స్థిరమైన సూత్రమే ఉండదు. శక్తినగర్ బూడిదకు సున్నం, నీళ్లు కలిపి ఇటుక పోస్తే అది గట్టిపడేది కాల్షియం సిలికేట్ హైడ్రేట్ వల్ల. దానిలో సున్నం, సిలికా, నీళ్ల పాళ్లు ఇటుక ఇటుకకూ మారతాయి. సమీకరణం ఉజ్జాయింపుగానే రాయగలం. తూకం మాత్రం అక్కడా తప్పదు.

ఐదు గ్రాముల తేడా

తూకం నిజంగా ఎప్పుడూ తప్పదా? బెర్లిన్‌లో లాండోల్ట్ 1893 నుంచి పదిహేనేళ్ల పాటు మూసిన గాజు గొట్టాల్లో చర్యలు జరిపి, ఆనాటికి అత్యంత సున్నితమైన త్రాసుతో తూచాడు. తేడా కనబడలేదు. ఈలోపు 1905లో ఐన్‌స్టీన్ శక్తికీ బరువుందని చెప్పాడు. శక్తిని కాంతి వేగ వర్గంతో భాగిస్తే ఆ బరువు వస్తుంది. చర్యలో వేడి బయటికి పోతే దానితో కాస్త ద్రవ్యరాశీ పోవాలి.

ఆ 'కాస్త' ఎంత? దేవసూగూరులో యూనిట్లన్నీ పూర్తి సామర్థ్యంతో రోజంతా నడిచాయనుకుందాం. ఆ రోజు పుట్టిన కరెంటుకు సమానమైన ద్రవ్యరాశి సుమారు 1.65 గ్రాములు. కరెంటు కాకుండా వృథాగా పోయే వేడిని కలిపితే ఐదు గ్రాముల దరిదాపు. చిన్న చెంచాడు ఉప్పు. ఆ రోజు కాలే బొగ్గు ఇరవై వేల టన్నులకు పైమాటే. ఇంతటి సంగతి లాండోల్ట్ త్రాసుకు చిక్కకపోవడంలో వింత లేదు. కర్ణాటకలోనే ఉన్న కైగా అణు కేంద్రంలో యురేనియం విచ్ఛిత్తి చెందితే ద్రవ్యరాశిలో వెయ్యో వంతుకు దగ్గరగా తగ్గుతుంది. అక్కడ ఐన్‌స్టీన్ లేకుండా లెక్క కుదరదు. బొగ్గు పొయ్యికీ, కల్లు కుండకూ, పదో తరగతికీ లవోయిజర్ చాలు.

తూచకుండా నేర్పితే

1985లో అమెరికాలో యారోక్ అనే విద్యా పరిశోధకుడు పద్నాలుగు మంది హైస్కూలు విద్యార్థులతో కూర్చుని సమీకరణాలు తుల్యం చేయించాడు. అందరూ చేశారు. అదే సమీకరణాన్ని అణువుల బొమ్మలుగా గీయమంటే సగం మంది తడబడ్డారు. సూత్రం ముందున్న మూడుకూ, సూత్రంలో కింద రాసే మూడుకూ తేడా వాళ్లకు బొమ్మలో తెలియలేదు. మన బడుల్లో ఇదే పరీక్ష పెట్టినా ఫలితం ఇంతకంటే బాగుంటుందని నమ్మకం లేదు. గుణకం మార్చడానికి బదులు సూత్రాన్నే మార్చేసి, నీటిని పెరాక్సైడ్ చేసి, తుల్యం అయిందని సంబరపడే పిల్లలను ఏ టీచరైనా చూసే ఉంటారు.

దీనికి మందు ఖరీదైనది కాదు. రెండు లీటర్ల ఖాళీ కూల్‌డ్రింకు సీసాలో వంద మిల్లీలీటర్ల వెనిగర్ పోయండి. నాలుగు గ్రాముల వంటసోడాను కాగితంలో చుట్టి లోపల వేసి వెంటనే మూత బిగించండి. ముందూ తర్వాతా తూచండి. బుసబుసా పొంగి సీసా గట్టిపడుతుంది, బరువు మారదు. మూత తిప్పండి. బుస్సుమంటుంది, గ్రాము పైగా తగ్గుతుంది. చాలామంది మూతకు బదులు సీసాకు బెలూన్ తొడిగి చేస్తారు. అక్కడ బెలూన్ ఉబ్బుతూంటే త్రాసు కొంచెం తక్కువ చూపిస్తుంది. ద్రవ్యం పోయి కాదు. ఉబ్బిన బెలూన్ తన చుట్టూ ఉన్న గాలిని పక్కకు నెట్టి, నీళ్లలో బిందెలా కాస్త తేలుతుంది. ఒక లీటరు ఉబ్బితే సుమారు 1.2 గ్రాములు. బాయిల్ మూత తీసి పొరబడ్డట్టే, ఇక్కడ బెలూన్ పెట్టి పొరబడతాం. ప్రయోగం చేయించే టీచరుకు ఈ సంగతి తెలియకపోతే నియమం తప్పని పిల్లలు తీర్మానించుకుని ఇంటికెళతారు.

ఎవరి పద్దులో రాయాలి

ఇదంతా బడికే పరిమితం కాదు. చిమ్నీలో పోయే సల్ఫర్ డయాక్సైడ్‌ను ఆపడానికి సున్నపురాయి ముద్దతో వాయువును కడిగే పద్ధతి ఉంది. 64 కిలోల సల్ఫర్ డయాక్సైడ్‌కు 100 కిలోల సున్నపురాయి, 36 కిలోల నీళ్లు, 16 కిలోల ఆక్సిజన్ ఖర్చవుతాయి. 172 కిలోల జిప్సం, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. అటు 216, ఇటు 216. సున్నపురాయి ఏదో కొండను తవ్వి తేవాలి. జిప్సం ఎక్కడో పోయాలి లేదా అమ్మాలి. కేంద్ర పర్యావరణ శాఖ 2015 డిసెంబరులో సల్ఫర్ డయాక్సైడ్ పరిమితులు పెట్టింది. గడువులు పలుమార్లు పొడిగించింది. 2025 జూలైలో చాలా కేంద్రాలకు ఈ కడిగే యంత్రాల నుంచి మినహాయింపు ఇచ్చింది. పెట్టాలన్నవాళ్లకూ వద్దన్నవాళ్లకూ తమ తమ వాదనలున్నాయి. ఎవరు ఒప్పో సమీకరణం తేల్చదు. ఇద్దరి పట్టికలోనూ ఏయే పద్దులు ఉండాలో మాత్రం అది నిర్దాక్షిణ్యంగా చెబుతుంది. వద్దన్నవాళ్లు సల్ఫర్ డయాక్సైడ్ ఎక్కడికి పోతుందో రాయాలి. కావాలన్నవాళ్లు జిప్సం ఎక్కడికి పోతుందో, కొత్తగా పుట్టిన ఆ 44 కిలోలు ఎక్కడికి పోతాయో రాయాలి. బూడిదదీ అదే సంగతి. ఇటుకకు పోనిది చెరువులో ఉంటుంది, చెరువులో లేనిది గాలిలో ఉంటుంది.

మొత్తం మీద నా తీర్పు ఇది. తుల్యం చేయడం తేలిక, తూచడం కష్టం. మనం తేలికైనదాన్ని పరీక్షలో పెట్టి కష్టమైనదాన్ని వదిలేశాం. పిల్లలకు ముందు త్రాసు చూపించి, ఆ తర్వాత గుణకాలు నేర్పాలి. రాయచూరు ప్రాంతపు టీచర్లకు దీనికి వేరే ప్రయోగశాల అక్కర్లేదు. కృష్ణ ఒడ్డున నిలబెట్టి ఆ చిమ్నీలు చూపించి, ఒక కిలో బొగ్గుకు ఆరు కిలోలు ఎలా అయ్యాయో లెక్క కట్టమంటే చాలు.